పడవ రంగు వేసిన కారు

భీష్మ ఏకాదశి, ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నరకు, రాజమండ్రిలో పాత కార్ల ప్రదర్శన జరుగుతున్న మైదానంలో మా తమ్ముడు రాంబాబు మా నాన్నగారి కారు వెనక తలుపు తీసి పట్టుకుని, "ఎక్కక్కా" అన్నాడు. లోపలి నుంచి కొత్త తోలు వాసన, దాన్ని తోసుకుంటూ వార్నిష్ వాసన గుప్పున కొట్టాయి. మా కారుకు ఆ వాసన ఎప్పుడూ లేదు.

మా కారెక్కితే ముందుగా కొబ్బరిపీచు వాసన వచ్చేది, ఎందుకంటే సీట్లలో దట్టించింది అదే, వానాకాలం అంతా అది చెమ్మగానే ఉండేది. వేసవిలో దాని మీద మామిడిపళ్ల వాసన చేరేది, చలికాలంలో కాల్చిన తేగల పొగ, ప్రయాణం అంటే చాలు అమ్మ క్యారియర్‌లో సర్దే దబ్బకాయ పులిహోర ఘాటు, ఆత్రేయపురం మీదుగా వచ్చిన రోజున సీటు సందుల్లో రాలిన పూతరేకుల పొడి, మర్నాడు దానికోసం బారు కట్టే చీమలు.

నాకు ఆరేళ్లప్పుడు నాన్నగారు దాన్ని కాకినాడలో పాతదే కొన్నారు. అప్పుడది నల్ల కారు. మాది గోదావరి పాయల మధ్య లంక ఊరు, వంతెనలు లేని రోజులు, రాజమండ్రి వెళ్లాలంటే కారును రేవులో పంటు మీదికి ఎక్కించాలి. రెండు పడవలు జోడించి, పైన బల్లలు పరిస్తే అది పంటు. ఏటి మధ్యలో గాలి లేస్తే కారు జారిపోకుండా మోకులతో కట్టడానికని నాన్నగారు కమ్మరి చేత ముందు రెండు, వెనక రెండు ఇనుప కడియాలు వేయించారు. లంకల్లో తిరిగే కార్లన్నిటికీ అవి ఉండేవి కాబట్టి, కార్లు పుట్టడమే కడియాలతో పుడతాయని నేను చాలాకాలం అనుకున్నాను.

ఏటి నీళ్లకీ, ఆరని బురదకీ కారు అంచులు తుప్పు పడుతుంటే, నాన్నగారు పడవలు కట్టేవాళ్లను అడిగి వాళ్లు పూసే నీలం రంగే తెచ్చి, కుంచెతో కారంతా రెండు పూతలు వేయించారు. కుంచె వెంట్రుకలు కొన్ని బానెట్ మీద అలాగే ఎండిపోయాయి. మా పెదనాన్నగారు చూసి, "ఏరా, ఇది కారా, నావా?" అన్నారు.

"రెండూను అన్నయ్యా. ఏట్లో నావ, గట్టు మీద కారు."

నా తర్వాత పుట్టింది బుజ్జి. ముందు సీటు వెనక, పైఅంచున, టేకు పట్టీ ఒకటి ఉండేది. బుజ్జికి పళ్లు వస్తున్న రోజుల్లో, అమ్మ దాని నడుం పట్టుకుని ఉంటే, అది నాన్నగారి వెనకాల నిలబడి ఆ పట్టీని రెండు చేతులా పట్టుకుని, దారి పొడుగునా చొంగ కారుస్తూ కొరికేది.

"ఏంటమ్మా అది, బెల్లం గడ్డా?" అనేవారు నాన్నగారు వెనక్కి తిరక్కుండానే.

"పళ్లు వస్తున్నాయండి, కొరకనివ్వండి. మీ కారేం తరిగిపోదు" అనేది అమ్మ.

ఆ శ్రావణంలో బుజ్జికి జ్వరం తగిలింది. రాజమండ్రి ఆస్పత్రికని బయలుదేరి రేవుకు వచ్చేసరికి గోదావరి ఎర్రగా, గట్లు ఒరుసుకుని పోతోంది. పంటు వదిలేది లేదన్నారు. ఏరు కాస్త నెమ్మదించే దాకా కారులోనే కూర్చున్నాం, బుజ్జి అమ్మ ఒళ్లో. నాన్నగారు వానలో దిగి పంటువాళ్ల కాళ్లు పట్టుకోవడం నేను అద్దంలోంచి చూశాను. సాయంత్రానికి పంటు వదిలారు. మేం ఎక్కలేదు. కారును ఇంటికి తిప్పుకున్నాం.

బుజ్జికి ఫోటో లేదు. పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు తీయిద్దామనుకున్నారు. ఆ పట్టీ మీద పంటి గాట్లు మాత్రం ఉండిపోయాయి, పైన రెండు, కింద రెండు. అమ్మ బతికున్నన్నాళ్లూ శుక్రవారం నాడు ఆ కర్రను పొడిగుడ్డతో తుడిచేది, గాట్ల దగ్గర బొటనవేలు కాసేపు ఆగేది. అమ్మ పోయాక కారు నిలిపి ఉంచిన షెడ్డులోకి వెళ్లి ఆ పని నేను చేసేదాన్ని.

రాంబాబు ఇదంతా అయిన రెండేళ్లకు పుట్టాడు. కారు వాడి వాటాకు వచ్చింది. పోయినేడు వాడికి ప్రదర్శన మీద మనసైంది. అక్కడ కార్లకు రెండు వరసలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టు కాపాడుకున్నవి మొదటి వరస. వాటికి గీతలూ మాసికలూ తప్పు కాదు, అవి ఉంటేనే గౌరవం. విప్పదీసి కొత్తగా చేయించినవి రెండో వరస. అందులో ప్రతి సొట్టకూ మార్కులు తగ్గుతాయి. రాంబాబు మొదటి వరసకే పెడదామనుకున్నాడు. ముందుగా చూడ్డానికి వచ్చిన జడ్జిగారు బానెట్ మీద గోటితో గీకి చూశారు.

"ఇది పడవలకేసే రంగండి. అసలు నలుపే ఉండుంటే, ఎంత పాతబడినా తీసుకునేవాణ్ణి. ఇప్పుడు కుదరదండి" అన్నారు.

ఆయన తప్పేం లేదు, వాళ్ల నియమం అది. ఆయన వెళ్లాక, అయితే రెండో వరసకే పెడతానన్న తమ్ముడితో అన్నాను, "రంగు గీకించుకో, కడియాలు కోయించుకో. ఆ పట్టీ ఒక్కటీ వదిలెయ్ రా."

"నాలుగు మార్కులు పోతాయక్కా."

"పోనీరా."

"బహుమతి వచ్చేదీ రానిదీ ఆ నాలుగింటి దగ్గరేనక్కా. అయినా అవి పంటి గాట్లని ఎవరికి తెలుస్తుంది? ఎలకలు కొరికాయనుకుంటారు."

"నాకు తెలుసు కదరా."

వాడు తల వంచుకున్నాడు. పోనీ పట్టీ విప్పి నాకిచ్చి కొత్తది వేయించుకోమన్నాను. అసలు కర్ర మారిస్తే ఇంకా ఎక్కువ పోతాయట, ఉన్నదాన్నే చిత్రిక పట్టి మెరుగు పెట్టించాలట. వాడు బుజ్జిని ఎత్తుకోలేదు, దాని ఏడుపు వినలేదు.

మైదానంలో కారు నల్లగా, నా ముఖం కనిపించేంతగా మెరుస్తోంది. అద్దం మీద మొదటి బహుమతి చీటీ అంటించారు. కర్రపనికి నిండా మార్కులు వేశారు. ఎక్కి కూర్చున్నాను. చెయ్యి చాపి, పట్టీ మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా బొటనవేలితో రాశాను, మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసకు.

"ఎలా ఉందక్కా?" అన్నాడు రాంబాబు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి. "నాన్నగారు చూసుంటే ఎంత మురిసిపోయేవారో కదా."

"నున్నగా ఉందిరా" అన్నాను.

వాడు సంతోషపడి, వచ్చినవాళ్లకు బానెట్ ఎత్తి చూపించడానికి వెళ్లాడు.

పోయినవి ఇవీ. నీలం రంగు, రెండు పూతలు. ఇనుప కడియాలు, నాలుగు. కొబ్బరిపీచు సీట్లు, ముందుదీ వెనకదీ. బుజ్జి పంటి గాట్లు, పైన రెండు, కింద రెండు.