అమ్మ కాలి కొలత

మా చిన్నప్పుడు బండి మీద నా సీటు పెట్రోల్ ట్యాంకు... ఎండాకాలంలో కాలేది, వానాకాలంలో జారేది. అయినా ఆ సీటు ఇంకెవరికీ ఇచ్చేదాన్ని కాదు. నా వెనక నాన్న. నాన్న వెనక, ఒక పక్కకి కూర్చుని, ఒళ్లో చేసంచితో అమ్మ. చిక్కడపల్లిలో బయలుదేరి, నన్ను నారాయణగూడలో బడి దగ్గర దించి, వాళ్లిద్దరూ బషీర్‌బాగ్‌లో ఆఫీసులకి వెళ్లేవాళ్లు.

మాది మూడు గదుల పోర్షన్... నానమ్మ, ఇద్దరు బాబాయిలు, మేనత్త, మేము. ఆ ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ల మాటలన్నీ బండి మీదే. నేను ఉన్నంతసేపు కూరగాయల గురించి... నేను దిగాక దేని గురించో నాకిప్పటికీ తెలీదు. బండి మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. అమ్మ నాన్న భుజం మీదికి వంగి ఏదో చెబుతూనే ఉండేది.

మా అమ్మ పొట్టి. వింటే కోప్పడుతుంది గానీ, బాగా పొట్టి. బండితో వచ్చిన ఫుట్‌రెస్ట్ ఆమెకి అందేది కాదు, కాళ్లు గాల్లో ఊగుతుండేవి. ఒకరోజు నారాయణగూడ చౌరస్తాలో ముందున్న ఆటో టక్కున ఆగింది... నాన్న బ్రేకు వేశాడు... అమ్మ జారి కింద పడింది. మోకాలు చెక్కుకుపోయింది. టిఫిన్ డబ్బా దొర్లుకుంటూ అవతలికి పోయింది. అమ్మ లేచి, చీర దులుపుకుని, డబ్బా తెచ్చుకుని ఒకటే మాట అంది.

"ఇగ నేను ఈ బండి ఎక్క. బస్సుల పోత."

అన్నంత పనీ చేసింది.

నాన్న ఆ సాయంత్రమే దుకాణానికెళ్లి తళతళలాడే లేడీస్ ఫుట్‌రెస్ట్ ఒకటి తెచ్చాడు. పానా పట్టుకుని తనే బిగించాడు. పది నిమిషాల పని. ఏదో విమానం తయారు చేసినట్టు గల్లీలో అందరికీ చూపించాడు కూడా. అమ్మ ఎక్కి కూర్చుంది... కాలు బెత్తెడు పైనే ఆగిపోయింది. దిగి, లోపలికెళ్లి పప్పుకి పోపు వేసుకుంది.

నెల రోజులు బస్సే. బండి మీద నేనూ నాన్నా మాత్రమే... దారంతా ఒక్క మాట ఉండేది కాదు.

అశోక్‌నగర్ గల్లీలో యాదగిరన్న వెల్డింగ్ షాపు ఉండేది. నాన్న వెళ్లి, కాస్త ఎత్తులో ఫుట్‌రెస్ట్ చేసిపెట్టమని అడిగితే ఆయన బండి వైపు కూడా చూడలేదు.

"నీ కాలికి చేస్తలేను గద సార్... అక్కను తోల్కరా. మనిషిని చూడంది నేను కడ్డీ వంచ."

అమ్మ ససేమిరా అంది. రోడ్డు మీద బండెక్కి కాలు కొలతలిచ్చుడేంది, నలుగురు నవ్వుతరు అంది. అప్పుడు నాన్న, నానమ్మా బాబాయిలూ వింటుండగానే అనేశాడు.

"నువ్వు బస్సుల పోతే మనం మాట్లాడుకునేదెప్పుడు?"

మేనత్త మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. అమ్మ ముఖం కందిపోయింది... ఆదివారం మాతోపాటు వచ్చింది.

యాదగిరన్న బండికి స్టాండు వేసి, అమ్మని ఎక్కించి, గీత గీయడానికి సుద్దముక్క తీశాడు. అమ్మ ఆపింది.

"నేనొక్కదాన్నే ఎన్నడన్న కూసున్ననా అన్నా?" అని నాన్న వైపు తిరిగింది. "మీరు గూడ ఎక్కండ్రి. పిల్లను ముందట కూసోబెట్టుండ్రి. నా సంచి ఇటియ్యిండ్రి."

ముగ్గురం ఎక్కాం. ట్యాంకు మీద నేనుంటే నాన్న వెనక్కి జరిగాడు... నాన్న జరిగితే అమ్మ సీటు చివరికి వెళ్లింది. కాలు పడే చోటే మారిపోయింది. యాదగిరన్న కాసేపు చూసి, "అసలు మిస్త్రీవి నువ్వే అక్కా" అని నవ్వి, అక్కడ గీశాడు.

రెండు రోజుల్లో అయిపోయింది. నల్ల రంగు, అందం చందం ఏమీ లేదు. చెప్పు జారకుండా అంచు మాత్రం కొంచెం పైకి వంచి ఉంది. అమ్మ కాలు పెట్టి, గట్టిగా ఒకసారి తొక్కి చూసింది. "పోనియ్యండ్రి" అంది. మర్నాటి నుంచి నేను దిగాక మళ్లీ ఆ మాటలు మొదలు...

ఇప్పుడు బండి నేను నడుపుతాను. మామూలుగా కాదు, బ్రహ్మాండంగా నడుపుతాను. నాన్న పోయి మూడేళ్లయింది. వెనక అమ్మ.

మొన్న ఆన్‌లైన్‌లో, అన్ని బండ్లకూ సరిపోతుందని రాసి ఉన్న ఫుట్‌రెస్ట్ తెప్పించాను. బండికి చక్కగా సరిపోయింది... అమ్మకే సరిపోలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా, నాన్న చేసిన తప్పే మళ్లీ చేశాను! అటక మీంచి యాదగిరన్న చేసింది దించాను. తుప్పు గీకితే ఇనుము గట్టిగానే ఉంది. ఆయన షాపు ఉన్నచోట ఇప్పుడు బండి సామాన్లు అమ్ముతున్నారు... డబ్బాల్లో, రంగురంగులవి. అందుకని కిటికీ గ్రిల్స్ చేసే ఒకాయన దగ్గరికి అమ్మతోపాటు వెళ్లాను.

పాత బండి మీద అది ఎక్కడ ఉండేదో నేను గర్వంగా చూపించాను, సరిగ్గా సీటు చివర. "అక్కడనే అతికిస్త మేడం" అని ఆయన సుద్ద పట్టుకున్నాడు.

"ఆగు బిడ్డా" అంది అమ్మ ఆయనతో. "మొదలు దాన్ని ఎక్కనియ్యి. నా సంచి ఇటియ్యి."

నేను ఎక్కాను. నా వెనక అమ్మ ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని, నా వీపుకి ఆనుకుంది. తన కాలు ఎక్కడ పడిందో వంగి చూసుకుంది.

"బెత్తెడు ముందట గియ్యి" అంది. "ఇప్పుడు ఇద్దరమే గద."

వచ్చేటప్పుడు దారంతా నా భుజం మీదికి వంగి మాట్లాడుతూనే ఉంది. కూరగాయల గురించే...

ఇప్పుడు అన్ని బండ్లకూ సరిపోయేవి బోలెడు దొరుకుతున్నాయి. మనిషిని చూడందే కడ్డీ వంచననే యాదగిరన్నే దొరకడం లేదు. ఒక్క మనిషి కొలతకే చేయించిన వస్తువు మీ ఇంట్లో ఏదైనా ఉందా... అది ఎవరి కొలతో చెప్పండి, వింటాను.