పసుపు పూసిన చెకుముకి తుపాకి

ఎనభైల తొలినాళ్లలో మా మేనమావగారు అమలాపురం దగ్గర తమ కొబ్బరితోటలో, చెట్ల నీడన కోకో వేశారు. ఊళ్లో ఎవరికీ అలవాటు లేని పంట. ఉడతలకు మాత్రం వెంటనే అలవాటైంది. కాయ రంగు తిరగగానే బెజ్జం పెట్టి గుజ్జంతా తినేసేవి. ఆ ఏడూ కాయ దక్కకపోతే మొక్కలన్నీ పీకించేస్తానని ఆయన తెగేసి చెప్పారు.

తుపాకి కొనాలన్నది ఆయన ఆలోచనే. పంట కాపుదలకని లైసెన్సు వచ్చింది. చేతిలో ఉన్న సొమ్ము కొత్త తుపాకికి చాలదు. పాతకాలపు చెకుముకిరాయి తుపాకులు చవగ్గా దొరుకుతాయని విని, నన్ను తోడు తీసుకుని కాకినాడలో ఒక దుకాణానికి వెళ్లారు.

అక్కడ రెండున్నాయి. ఒకటి ఏదో జమీందారుగారి దివాణంలోది. పొడుగు గొట్టం, కర్రమీద వెండి పువ్వులు. రెండోది సన్నగొట్టం రైఫిలు. శనగగింజంత గుండు పడుతుంది. మొదటిది కొంటే జేబు ఖాళీ. రెండోది కొంటే తుపాకిమందుకీ సీసపు గుళ్లకీ కాస్త మిగులుతుంది. ఇందులో ఆలోచించవలసిందేముంది? మావయ్యగారి కళ్లు మాత్రం వెండి పువ్వుల మీదే ఉన్నాయి.

"ఆ పుల్ల పట్టుకుని తిరిగితే పిట్టలదొర వచ్చేడంటార్రా నన్ను!"

"ఉడతలు వెండి పువ్వులు చూసి దణ్ణం పెడతాయా మావయ్యగారూ?" అన్నాను. "రెండూ ఉత్తినే నొక్కించి చూడండి. ఏది బాగా నిప్పులు రాలిస్తే అది తీసుకోండి."

"ఉత్తి తుపాకి నొక్కితే అరిష్టం కాదుటండీ?" అని ఆయన దుకాణదారుణ్ణి అడిగారు.

"ఆయ్, అరిష్టవే అయితే నా కొట్టు ఎప్పుడో మూసేద్దునండి," అని నవ్వి, అతను రెండూ నొక్కి చూపించాడు. దివాణం తుపాకిలో రాయి ఉక్కురేకుకి కొట్టుకుని ఒక్క రవ్వ విసిరింది, అదీ దయతలచినట్టు. చిన్నదాన్నుంచి రవ్వలు జల్లుగా రాలాయి. మావయ్యగారు నిట్టూర్చి చిన్నదే కొన్నారు. ఒక్కసారి పేల్చడానికి సరిపడే చిటికెడు మందు, నాలుగు గుళ్లు దుకాణదారుడు ఊరికే ఇచ్చాడు. మిగతా మందు, కొత్త సరుకు దిగాక, వారం తిరిగాక వచ్చి కొందామనుకున్నాం.

ఈ మొత్తం వ్యవహారంలో తెలివిగా జరిగింది రవ్వలు చూసి ఆ చిన్నది కొనడం ఒక్కటే.

మోటారు ఇంజనైనా కుట్టుమిషనైనా మా ఇళ్లలో ముందు బొట్టు పెట్టించుకోకుండా పనిచేయడానికి వీల్లేదు. అత్తయ్యగారు పసుపు నూనెలో కలిపి, తుపాకి కర్రకీ గొట్టానికీ, చివరికి చెకుముకిరాయికీ పట్టించారు. మర్నాడు పొద్దున్న మావయ్యగారు మందు దట్టించి మీట నొక్కారు. టక్కుమంది. ఇంకోసారి నొక్కారు. మళ్లీ టక్కే.

దడి అవతలి నుంచి పక్కతోట ఆసామి కేకేశాడు: "ఏవండోయ్ దొరగారూ! తవఁరి తుపాకి అలిగిందేవిటండీ?"

"నూనె అంటిన రాయి నిప్పెలా రాలుస్తుంది? తుడవండి, పేలుతుంది," అన్నాను.

"దేవుడి దగ్గర పెట్టిన పసుపు తుడిచేస్తావా?" అత్తయ్యగారు అడ్డం వచ్చారు. "నీకేం బాబూ, నీకు దేవుడితో పన్లేదు. మాకుంది."

మధ్యాహ్నానికి సిద్ధాంతిగారు వచ్చేశారు. తోట గుల్లయిపోతున్నప్పుడు ఎవరికీ లేని తొందర, దోషం అనగానే అందరికీ వచ్చింది. ఈ తుపాకి పూర్వం ఎవరి ప్రాణమో తీసిందనీ, ఆ ప్రేతం గొట్టంలో కూర్చుందనీ ఆయన తేల్చారు. శాంతి చేయాలి. మందుకని దాచిన సొమ్మంతా సంభావనకీ సంభారాలకీ సరిపోయింది. మంత్రాలయ్యాక, శుద్ధి పేరుతో ఆయన కొత్త తువ్వాలు తీసుకుని తుపాకిని మొదలు నుంచి కొస దాకా తుడిచారు. రాయిని మరీ శ్రద్ధగా రుద్దారు.

"ఇహ కొట్టండి!"

పేలింది. కాకులన్నీ లేచిపోయాయి. మావయ్యగారు అక్కడికక్కడే సిద్ధాంతిగారి కాళ్లకి దణ్ణం పెట్టారు.

నేను తువ్వాలు ఎత్తి చూపించాను. "ప్రేతం ఇదిగో, పచ్చగా ఇందులో ఉంది."

"పేలిందా లేదా, అది చెప్పు," అన్నారు మావయ్యగారు.

"పేలింది. మళ్లీ పేల్చండి."

మందు లేదు, కొనడానికి డబ్బూ లేదు. సిద్ధాంతిగారు దక్షిణలో భాగమని ఆ తువ్వాలు కూడా పట్టుకుపోయారు.

వానలు పడ్డాక కోకో మొక్కలు పీకించేశారు. తుపాకి హాల్లో గోడకెక్కింది. అత్తయ్యగారు శుక్రవారం శుక్రవారం దానికి పసుపు పూస్తూనే ఉన్నారు, రాయితో సహా.