రాజేశం చెప్పిన పదకొండో భాగం

సౌదీలో, రాబిగ్‌లోని మా క్యాంపులో రాజేశం పని ఏసీల రిపేరు. అసలు ప్రతాపం మాత్రం శుక్రవారం అన్నాలయ్యాక చూడాలి. కోరుట్ల దగ్గరి ఊరివాడు. భివండీ మగ్గాల మీద పదేళ్లు పనిచేసి హిందీని నమిలి మింగినవాడు. హిందీలోకి మార్చిన ఒక రష్యా సీరియల్‌ను వారమంతా ఫోన్లో చూసి, సెలవునాడు మా గదిలో కథగా చెప్తాడు. హిందీ మాకూ అంతో ఇంతో వచ్చు. కానీ ఆయన నోట వింటే ఆ రుచే వేరు.

కథలో ఆంటన్ అనే డిటెక్టివ్, ఒక హంతకుణ్ణి తరుముతూ నలభై ఏళ్లు వెనక్కి, సోవియట్ కాలంలోకి వెళ్లి పడతాడు. అక్కడ రొట్టెకూ లైనే, ఊరు మారాలన్నా కాగితమే. "గాడ సర్కారే అందరికి కఫీలనుకోండ్రి," అంటాడు రాజేశం, మా కాగితాలన్నీ గుప్పిట్లో పెట్టుకున్న యజమానిని తలచుకుని. మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

మా గదిలోని కుర్రాడు లక్ష్మణ్ తల్లి ఊళ్లో పోయాక ఆ నవ్వులు తగ్గాయి. అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, గడువు తీరినా కంపెనీ రెన్యువల్ చేయించలేదు. అది లేనిదే దేశం దాటనివ్వరు. తల్లి చితిని వీడియో కాల్లో చూశాడు. ఆ కంపెనీని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. లక్ష్మణ్ మాత్రం ఏడవలేదు, సరిగ్గా తినలేదు. కథలో ఆంటన్ తల్లి ఎప్పుడో చనిపోయింది, వాడు వెళ్లిన కాలంలో బతికే ఉంది. లక్ష్మణ్ రాజేశాన్ని రోజూ అడిగేది ఒక్కటే.

"కాకా, ఆంటన్ వాళ్లమ్మను కలుస్తడా?"

బుధవారం పదకొండో భాగం చూసిన రాజేశం అన్నం ముట్టలేదు. మర్నాడు నన్ను మెస్ వెనక్కి లాక్కుపోయాడు.

"తల్లి గుర్తువట్టలేదే! దొంగనుకొని తలుపేసింది. పోరనికి ఎట్ల జెప్పాలె?"

"కడుపునిండ అన్నం పెట్టిందని చెప్పన్నా. నీ సొమ్మేం పోతది?"

"రేపు వాడే ఫోన్ల సూస్తే? ఇగ నా మాట నమ్ముతడా?"

కరెంటు తీగలకు బెదరని మనిషి కథ చెప్పడానికి బెదురుతున్నాడు. నాకూ భయం పట్టుకుంది.

శుక్రవారం రానే వచ్చింది. రాజేశం కథను సాగదీశాడు. ఆంటన్‌ను నాలుగంతస్తుల మెట్లు ఒక్కొక్కటే ఎక్కించాడు. అబద్ధం చెప్పమని నేను కళ్లతో సైగలు చేస్తున్నా నావైపు చూడలేదు.

"తలుపు తీసింది. సంకల పసిపోరడు, అంటే చిన్నప్పటి ఆంటనే. 'ఎవరు నువ్వు?' అన్నది. వీనికి నోట మాట రాలే. తలుపేసింది," అని తల దించుకున్నాడు.

రాజేశం మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

లక్ష్మణ్ అడిగాడు.

"తలుపు తీసింది అమ్మేనా కాకా?"

"అమ్మనే బిడ్డా."

"ఎంతసేపు నిలవడ్డది?"

"గంతే... రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలు దగ్గరికెల్లి సూసిండు గదా," అంటూ లక్ష్మణ్ మొదటిసారి బావురుమన్నాడు.