ఒకే కాలెత్తిన కొంగలు

సూర్యకళ తణుకులో పెళ్ళి ఫోటోల స్టూడియోలో చాలా ఏళ్ళు పనిచేసింది. మూసుకుపోయిన కళ్ళు తెరిపించింది, మొటిమలు చెరిపింది, పెళ్ళికి రాలేని మేనమామలను తెచ్చి గ్రూపు ఫోటోలో నిలబెట్టింది. పందిట్లో జనం పలచగా ఉంటే ఉన్నవాళ్ళనే కాపీ చేసి వెనక వరసలో అతికించేది. అప్పుడు దాన్ని పనితనం అన్నారు. స్టూడియో మూతపడ్డాక పంటల బీమా ఆఫీసులో చేరింది. ఇప్పుడు అలాంటి అతికింపులు పట్టుకోవడమే ఉద్యోగం. పొట్టకూటికి ఏ పనైతేనేం గానీ, ఇది మాత్రం మనిషిని పీల్చి పిప్పి చేసేస్తుంది.

తుఫాను వెళ్ళిన దగ్గర్నుంచి పొద్దస్తమానం ఆమె కళ్ళముందు పడిపోయిన వరిచేలే. రైతు పంపిన ఫోటోలో అచ్చంగా ఒకేలా ఉన్న ముక్కలుంటే కంప్యూటరు వాటి చుట్టూ ఎర్ర గీత గీస్తుంది. ఆమె పెద్దది చేసి చూసి, అసలు అనో నకిలీ అనో నొక్కాలి. పంటే కనబడని ఫోటో అయితే తిప్పికొట్టాలి. నకిలీ అని నొక్కితే ఆ రైతుకి ఇక పరిహారం లేనట్టే.

ఆ రోజు వచ్చిన ఫోటోకి ఎర్ర గీత కూడా అక్కర్లేదు. ఈ గట్టు మీదో కొంగ, ఆ గట్టు మీదో కొంగ, రెండూ ఒకే కాలెత్తి ఒకే వైపు చూస్తున్నాయి. పడిపోయిన వరిని కాపీ చేసిన మహానుభావుడు దాంతోపాటు కొంగనీ లాక్కొచ్చాడు. సూర్యకళకి ఒళ్ళు మండింది. తనైతే ముందు కొంగను చెరిపేసేది.

ఆ చేను మొగల్తూరు దగ్గర కౌలుకి చేసే అప్పాజీది. నకిలీ అని నొక్కేముందు రైతుని అడగాలన్నది ఆఫీసు పద్ధతి. పిలిపిస్తే తడిసిన గుడ్డసంచీతో వచ్చి కూర్చున్నాడు.

“ఇది మీ చేనేనా బాబాయ్ గారూ?”

“చేను నాదేనండి. ఫోటో స్టూడియోవోళ్ళు చేశారండి. మొదట నేను తీసిందే పంపానండి. పంట కనబడట్లేదని తిప్పికొట్టారు. మొత్తం నీళ్ళకింద ఉంటే ఎలా కనబడుద్దండి? అందుకని కనబడేలా చెయ్యమన్నాను.”

“పోనీ ఎవరినైనా పంపితే చేను చూపిస్తారా?”

“ఇప్పుడేముందండి చూడ్డానికి. కుళ్ళిందంతా దున్నేసి దాళ్వా పంటకి దమ్ము చేసేశాను.”

సూర్యకళ కంప్యూటర్లో అతని పేరు కొట్టి, మొదట పంపిన ఫోటో తెరిచింది. ఎటు చూసినా నీళ్ళే. పెద్దది చేస్తే ఆ నీళ్ళలోంచి వరికంకుల కొసలు వరసగా తేలి ఉన్నాయి. కింద తిప్పికొట్టినవారి పేరు ఉంది. ఆ పేరు తనదే. ఎప్పుడు నొక్కిందో కూడా గుర్తులేదు. ఆమెకి తల ఎత్తబుద్ధి కాలేదు.

“దీన్ని తిప్పికొట్టింది నేనే బాబాయ్ గారూ,” అంది.

కొంగల ఫోటోకి నకిలీ అని నొక్కక తప్పలేదు. దాని కింద, మొదటి ఫోటో నిజమని, పెద్దది చేసి చూడకుండా తిప్పికొట్టిన తప్పు తనదని రాసి పైవాళ్ళకి పంపింది. చదువుతారన్న నమ్మకం ఆమెకే లేదు.

“పనవుద్దాండి?”

“తెలీదండి.”

అప్పాజీ ఆ నీళ్ళ ఫోటోనే చూస్తూ కూర్చున్నాడు. కోపమేమీ లేదు.

“ఇదేనమ్మా నా చేను. మీరు తిప్పికొట్టాక, నిజంగా మునిగిందా లేదా అని నాకే అనుమానం వచ్చిందండి.”