హారన్ల మీదుగా కబుర్లు

బస్సుల హారన్లను కబుర్లలో ఓడించిన మనిషి ఈ భూమ్మీద అమ్మమ్మ ఒక్కతే. ఒకప్పుడు ఆ వీధి నిండా ఇళ్ళే, ఇళ్ళ ముందు చెట్లే. ఆమె బాల్కనీలో బట్టలారేస్తూ ఎదురింటి వదినతో మామూలు గొంతుతోనే మాట్లాడేది. ఇటు గ్లాసు జారిపడితే "పగిలిందా?" అని అటునుంచి వదిన అడిగేది. తరవాత ఇళ్ళు ఒక్కొక్కటే షాపులయ్యాయి, చెట్లు పోయి పార్కింగ్ వచ్చింది, బస్సులూ లారీలూ ఇటే తిరిగాయి. అద్దాల గోడలకు తగిలి ప్రతి హారనూ రెండుసార్లు మోగేది. అరిచి అరిచి గొంతులు పోయాక ఇద్దరూ చేతులతో మొదలుపెట్టారు. ముక్కు పట్టుకుంటే కోడలికి కోపమొచ్చిందని, అరచెయ్యి బోర్లిస్తే కూర మాడిందని అర్థం. అల్లుడి గురించిన సైగ ఏమిటో ఆయన కూతురైన మనవరాలికి మాత్రం అమ్మమ్మ ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇప్పుడు ఎదురిల్లు కూడా షోరూమ్ కాబోతోంది. ఇల్లు ఖాళీ చేసే ముందురోజు వదిన రోడ్డు దాటి వచ్చింది. చప్పుడు చేరని వెనకగదిలో, మంచం మీద మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఇద్దరూ చాలాసేపు చేతులే తిప్పుకున్నారు. టీ తెచ్చిన మనవరాలికి నవ్వాగలేదు.

"ఇక్కడ హారన్లు లేవుగా అమ్మమ్మా! నోళ్ళు ఎవరికైనా అరువిచ్చారా?"

"నోరు తెరిస్తే ఇద్దరికీ ఏడుపొస్తుందే, కోతీ. టీ అక్కడ పెట్టి పో."