నూకాలు చేపకు నేను పెట్టిన భాషాశాస్త్రం

“నీ కళ్ళు పడితే ఐసు కూడా కుళ్ళిపోద్ది, నా తట్ట కేసి సూడకు!”

“నీ మొకం సూత్తే కెరటం కూడా ఎనక్కి పోద్ది, పోయే!”

నాకూ నా తోడికోడలు నూకాలుకీ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. కంగారు పడకండి, ఇద్దరమూ బతికే ఉన్నాం. పోయింది మా మొగుళ్ళు, అదీ ఎప్పుడో. మేం అనకాపల్లి చేపల బజారులో ఇప్పటికీ పక్కపక్కనే కూర్చుంటాం. మాటలే లేవు. మమ్మల్ని విడగొట్టింది ఆస్తి కాదు, వాటా కాదు, భాషాశాస్త్రం! అలాంటి చదువొకటి ఉంది. దాంట్లో వేలు పెట్టి నేనెలా మునిగానో చెబుతాను, నవ్వుకోండి. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే రాస్తున్నది మా అన్న కూతురు సంతోషి. కాబట్టి తప్పులుంటే దానివి, సొగసులుంటే నావి.

ఇది విశాఖపట్నంలో ఎమ్మే చదివే రోజుల్లో, నేను పండుగప్ప కోస్తుంటే వచ్చి ఎదురుగా కూలబడింది.

“అత్తా, మా మేడం బజారుకొత్తాది. నువ్వూ నూకాలత్తా మాటాడుకుంటంటే రికార్డు సెయ్యాల. అది బాగా రాకపోతే నా ప్రాజెక్టు పోద్ది, ఏడాది పోద్ది.”

“మాటల్లో సదవడానికి ఏటుందే?”

“శానా ఉంది. నోట్లోంచి సప్పుడు ఎలాగొత్తాదో సూసేది ధ్వనిశాస్త్రం. పదం ఎలాగ తయారయ్యిందో సూసేది పదనిర్మాణం. పదాలు వరసలో ఎలా కూకుంటాయో సూసేది వాక్యనిర్మాణం. అర్తం సంగతి సూసేది ఇంకో శాఖ. ఆకర్న, ఎవరితోటి, ఎక్కడ, ఎప్పుడు ఏ మాట అనాలో సూసేది ప్రాగ్మాటిక్స్.”

నేను కత్తిపీట వైపు చూశాను. పొలుసు, మొప్ప, ముల్లు, ముక్క, ఆఖర్న పులుసు. ఓస్, మన పనే కదా అనిపించింది. అలా అనిపించడమే నా కొంప ముంచింది.

“ఆకరిది ఎందుకే దండగ? ఎవరితో ఏటనాలో తెలీని మడిసుంటాడా?” అన్నాను. మీరే చూస్తారు, ఉంటాడో లేదో.

యూనివర్సిటీ మేడం వస్తుంటే బజారు మాట వినిపిస్తామా? పెళ్ళికి చేపల చీరతో వెళ్తామా? అప్పటి నా తెలివి అలా ఉండేది. రోజూ సాయంత్రం నూకాలుని టీవీ ముందు కూర్చోబెట్టి, వార్తలు చదివే అమ్మాయి ఎలా అంటే అలా అనిపించాను.

“అక్కా, నా దవడలు లాగేత్తన్నాయే!”

“లాగనీ. సంతోషి సదువు మన దవడల మీదుంది.”

ఆ రోజు రానే వచ్చింది. మేడం కానాగంత చేపంత మైకు తీసి మా మధ్య పెట్టింది. “అమ్మా, రోజూ ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడండి.”

నేను గొంతు సవరించుకున్నాను. “నమస్కారం. ముందుగా ముఖ్యాంశాలు. నేటి వేకువజామున పూడిమడక తీరమునందు పండుగప్పలు, సందువలు లభ్యమైనవి.”

నూకాలు చేతులు కట్టుకుంది. “మరిన్ని వివరాలు మా అక్కగారు అందిస్తారు.”

నూకాలు దగ్గర చేప బేరమాడుతున్న పెద్దాయన చేతిలో సంచి జారిపోయింది. సంతోషి మొహం సున్నం కొట్టిన గోడలా అయింది.

“అత్తా, ఇదేటి? మీ మాట కావాల, టీవీ మాట కాదు!” అని చెవిలో ఏడుపు గొంతుతో అంది. “మేడం మళ్ళీ రాదు. నా ఏడాది పోయినట్టే.”

సరే, మామూలుగా మాట్లాడదాం అనుకున్నాం. చిత్రమేమిటంటే, మామూలుగా మాట్లాడమనేసరికి ఇద్దరికీ నోరు పెగల్లేదు. నూకాలు “ఎండగా ఉంది” అంది. నేను “ఉంది” అన్నాను. మేడం వాచీ చూసుకుంది.

అప్పుడు నా బుర్ర మెరిసింది. మా అసలు మాట బయటపడేది పోట్లాటలోనే కదా! ఉత్తుత్తి పోట్లాట పెడితే సరి. నూకాలుకి కన్ను గీటాను. నా కంట్లో నలుసు పడిందనుకుంది అది. నేను ఆగలేదు.

“ఒలే నూకాలూ! మొన్నటి సేప ఐసులో దాసి తాజాదని అమ్మెత్తన్నావేటే?”

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా బజారులో వంశాలు ఎత్తి తిట్టుకుంటాం, కాసేపటికి ఒకే టీ పంచుకుంటాం. కానీ కొనేవాళ్ళు నిలబడి ఉండగా పక్కదాని చేప పాడైందని పగవాళ్ళు కూడా అనరు. అంటే దాని పొయ్యిలో నీళ్ళు పోసినట్టే.

పెద్దాయన చేతిలోని చేపను నూకాలు తట్టలో పెట్టేశాడు. ఆయన వెనక నిలబడ్డవాళ్ళూ జారుకున్నారు.

“ఏటన్నావక్కా?” అంది నూకాలు, మెల్లగా.

ఉత్తినే అన్నానని అక్కడే చెప్పాల్సింది. కానీ మేడం కళ్ళు వెలిగిపోతున్నాయి, సంతోషి మొహంలో రంగు తిరిగొస్తోంది. “ముక్కెట్టుకుని కూడా అడుగుతావేటే?” అనేశాను.

అంతే, తుఫాను లేచింది. తట్టల్లోని కవళ్ళ చేపలు పక్షుల్లా ఎగిరాయి. ఒకటి మేడం హ్యాండ్‌బ్యాగులో కాపురం పెట్టింది. ఆవిడ దాన్ని తియ్యను కూడా తియ్యలేదు, మైకు మా నోళ్ళకు మరింత దగ్గరగా జరిపింది. మీరు పైన చదివినవి ఆ తుఫాను తోకలో మాటలు.

సంతోషి ఫస్టు క్లాసులో పాసైంది. నూకాలు తట్ట మాత్రం ఆ రోజు నిండుగానే ఇంటికి వెళ్ళింది. మర్నాడు ఆ పెద్దాయన్ని పట్టుకుని “బాబూ, అది అబద్దం, దాని సేప బంగారం” అన్నాను. “ఒకే ఇంటోళ్ళు కదమ్మా, కప్పెడతన్నావు,” అని జాలిగా నవ్వి వెళ్ళిపోయాడు.

“సప్పుడు బాగుంది, పదాలు బాగున్నాయి, వరస బాగుంది, అర్తం బజారంతటికీ తెలిసింది,” అంది సంతోషి. “ఆకరి శాఖలో ఫెయిలయ్యేవు, అత్తా.”

అప్పట్నుంచి నూకాలు తన తక్కెడతో మాట్లాడుతుంది, నేను బజారు పిల్లితో.

“ఓ తక్కిడా, ఐసు బండొచ్చిందేమో పక్కోళ్ళనడుగు.”

“ఓ పిల్లీ, వచ్చిందని సెప్పు.”

మొన్నొక రోజు నూకాలు టీ గ్లాసు పిల్లి ముందు పెట్టింది. “ఓ పిల్లీ, సల్లారిపోతంది, పక్కోళ్ళని తాగమను.” నా కళ్ళు తడిశాయి. వాటేసుకుందామని లేచాను. ఎక్కడినుంచి ఊడిపడిందో సంతోషి, ఫోను పట్టుకుని మధ్యలో నిలబడింది.

“ఆగత్తా! కలిసిపోకండి! మాటల్లేనోళ్ళు ఎలాగ మాటాడుకుంటారో, అదే నా పీహెచ్‌డీ. మేడం ఒప్పేసుకుంది.”

“ఎన్నాళ్ళే?”

“మహా అయితే నాలుగేళ్ళు.”

నూకాలు తక్కెడ వైపు తిరిగింది. “ఓ తక్కిడా, ఆ గుంటకి సెప్పు. రెండేళ్ళలో తెమల్చకపోతే, నేనూ పక్కోళ్ళూ కలిసి దాన్నే తంతామని.”

కాబట్టి బజారు జనులారా, ఐసుగడ్డ మీద చెయ్యేసి, అది కరిగేదాకా తియ్యకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఎవరి చదువు కోసమూ నా నోరు అద్దెకివ్వను. ఉత్తుత్తి పోట్లాట అసలు పెట్టను, పెడితే నిజందే పెడతాను. నూకాలు చేప ఆ రోజు తెల్లారుజామున పట్టిందే, మొప్పలు మందారంలా ఉన్నాయి.

రాసేవా సంతోషీ? ఏదీ, సదివి ఇనిపించు. గొణక్కు, గట్టిగా సదువు. పక్క తట్ట దాకా ఇనబడాల.