బావకి ఆక్సిజన్ పెంచింది నేనే

ముందే చెబుతున్నానండీ, కొల్లేట్లో వేలెడంత జెల్లపిల్ల దొరికితే తిమింగలం పడిందని చెప్పే రకాన్ని నేను. కైకలూరు మేతల షాపుల దగ్గర నేను నోరు విప్పితే సగం కొట్టేసి వింటారు. మీరూ కొట్టేయండి. కానీ ఏళ్లుగా మోస్తున్న ఈ ఒక్క బరువును మాత్రం పెంచి చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు.

మా అక్క భర్తకి ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్. దాని రొదకి మూడు వీధుల అవతల రైస్ మిల్లు సిగ్గుపడేది. ఏలూరు డాక్టరుగారు ముందే హెచ్చరించారు. ఆయాసం ఉన్నట్టుండి ఎక్కువైతే మిషన్ పెంచుకుంటూ కూర్చోవద్దు, ఒక్క పూట కూడా ఆగకుండా రావాలి.

మేనకోడలికి పురుడొస్తే అక్క తాడేపల్లిగూడెం వెళ్లింది. బావని నాకు అప్పగించింది. ఆ వారమే నా చేపల చెరువు పట్టుబడి. వలవాళ్లు, ఐసు, లారీలు, అన్నీ కుదిరాయి. అప్పుడే బావకి ఆయాసం పెరిగింది. పెదాలు నీలంగా మారాయి.

నేనేం చేశాను? ఊపిరాడక చేపలు పైకి తేలితే నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిప్పుతాం. అవి కిందికి దిగిపోతాయి, మనం టీ తాగుతాం. అలాగే మిషన్ గుండీ తిప్పాను. వేలికి పెట్టే క్లిప్పులో అంకె పెరిగింది. పడింది. మళ్లీ తిప్పాను. "ఏరేటర్ వేశాను బావగారూ, ఇక ఈదుకోండి," అని నవ్వాను కూడా. ఆయన నవ్వబోయి దగ్గారు. "పట్టుబడి కానియ్యరా, తర్వాత చూద్దాం," అన్నారు.

మూడో రోజు, ఆఖరి లారీ కదిలాకే కారు తీశాను.

డాక్టరుగారు స్కాన్ చూశారు. "ఎప్పట్నుంచండీ ఇలా?"

"ఈ పొద్దున్నుంచేనండీ."

జన్మంతా పెంచి చెప్పినవాణ్ని, తగ్గించకూడని చోట తగ్గించాను. భయమా? సిగ్గా? ఇప్పటికీ తెలీదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, పెద్ద మాస్కు పెట్టారు. మాస్కు వెనక నుంచి బావ నన్నే చూస్తున్నారు. నా మాట కాదనడానికి ఆయనకి ఊపిరి లేదు.

ఆయన ఇంటికి రాలేదు.

ముందే తీసుకెళితే బతికేవారా? ఈ జబ్బు ఇలా ముదిరితే ఖాయంగా ఏదీ చెప్పలేమన్నారు డాక్టరుగారు. ఆ మాట పట్టుకుని వేలాడదామనుకున్నాను. కానీ నా అబద్ధం నమ్మి అన్న మాట అది.

"అంత హఠాత్తుగా వచ్చిందా తమ్ముడూ?" అని అడిగింది అక్క.

"అవునక్కా."

"పోన్లేరా. పక్కన నువ్వున్నావు."

క్షమించమని ఎవరినీ అడగను. రాశాక కాస్త తేలికైంది, అంతే. ఇక ఇందులో నేను కల్పించిందేదో కూడా చెప్పేస్తాను. రైస్ మిల్లు సంగతి మీరే పట్టుకుని ఉంటారు. అది కాదు. పట్టుబడి కానియ్యమని బావ అనలేదండీ. ఆ మాట నేనే తయారుచేసుకుని, ఇన్నేళ్లూ ఆయన గొంతుతో వింటూ వచ్చాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అన్నది వేరు. మొదటి రోజే అన్నారు.

"ఏలూరు తీసుకెళ్లరా."